శాంక్షన్ ఆర్డర్ వచ్చింది, మరి మే నెల జీతాలు?

ప్రాజెక్టు శాంక్షన్ అయిందని మెయిల్ వచ్చిన రోజు మా సంస్థలో అందరి మొహాలూ వెలిగిపోతాయి. ప్రాజెక్టు బాధ్యత మోసే శాస్త్రవేత్తను మేం పీఐ అంటాం. ఆ పీఐ నెలల తరబడి రాసి, దిద్ది, నిపుణుల కమిటీ ముందు నిలబడి సమాధానాలు చెప్పి సాధించుకున్న ఆర్డర్ అది. ల్యాబ్‌లో మిఠాయి పంచుతారు, అకౌంట్స్ గదికీ ఒక డబ్బా వస్తుంది. మేం మిఠాయి తీసుకుని ఆర్డర్ రెండో పేజీ తిప్పుతాం. మొత్తం ఎంత మంజూరైందన్నది మొదటి పేజీలోనే ఉంటుంది. మొదటి వాయిదాగా ఎంత విడుదలవుతోంది, అది ఏ హెడ్‌ల కింద (అంటే ఏ ఖర్చు పద్దుల కింద), ఏ షరతుల మీద అన్నది ఆ తర్వాత ఉంటుంది. మూడేళ్లు ఆ ప్రాజెక్టు ఎలా నడవబోతోందో తెలిసేది అక్కడే.

నేను హైదరాబాద్‌లో లాభాపేక్ష లేని ఒక చిన్న పరిశోధన సంస్థలో గ్రాంట్ల పని చూస్తాను. దరఖాస్తుకు బడ్జెట్ వేయడం దగ్గర్నుంచి చివరి లెక్క అప్పజెప్పే వరకు నా బాధ్యత. యూనివర్సిటీకైతే ఫీజులు ఉంటాయి. ప్రభుత్వ ల్యాబ్‌కైతే జీతాలకు ఏటా కేటాయింపు ఉంటుంది. మాలాంటి సొసైటీకి ప్రాజెక్టులే ఆధారం. ఇన్నేళ్లుగా చూసి నేను నమ్మేది ఇది: మంచి ప్రాజెక్టులు కుంటుపడేది సైన్స్ తప్పడం వల్ల చాలా అరుదు. ఖర్చు ఉందని అందరికీ తెలిసినా ఎవరూ ఇవ్వని డబ్బు కొంత ఉంటుంది. దాన్ని ముందే లెక్కేయకపోవడం వల్లే ఎక్కువగా కుంటుపడతాయి. ఆ డబ్బు ఎక్కడెక్కడ ఉంటుందో విడమరిచి చెప్పాలని ఈ వ్యాసం.

ముందు డబ్బు వచ్చే దారులు. కేంద్రంలో శాస్త్ర సాంకేతిక విభాగం, బయోటెక్నాలజీ విభాగం, వైద్య పరిశోధనకు ఐసీఎంఆర్, సామాజిక శాస్త్రాలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉన్నాయి. పరిశోధనలకు నిధులిచ్చేందుకు 2008 నాటి చట్టంతో వచ్చిన ఎస్‌ఈఆర్‌బీ అనే బోర్డు స్థానంలో ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పనిచేస్తోంది. దాని చట్టం 2023లో వచ్చింది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లో ఉంది. ఐదేళ్లలో 50,000 కోట్లు అని ప్రకటించినప్పుడు చాలామంది సంతోషపడ్డారు గానీ, అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లేననీ మిగతా 36,000 కోట్లు పరిశ్రమలు, దాతల నుంచి రావాలనీ అనుకున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్, మన బయోటెక్నాలజీ విభాగం కలిసి నడిపే ఇండియా అలయన్స్ కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇవి కాక విదేశీ ఫౌండేషన్లు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు. ప్రతి దారికీ నియమాలు వేరు, ఫారాలు వేరు, లెక్కల ఏడాది కూడా కొన్నిసార్లు వేరు.

ఒక జీతం, రెండు లెక్కలు

ఊహకు ఒక ప్రాజెక్టు తీసుకుందాం. నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో, వానలతో అది ఎలా మారుతోందో మూడేళ్లపాటు కొలవాలి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. ఆ సమస్యతో ఆ జిల్లాకు ఉన్న సంబంధం అంతటిది. ఏటా మేలో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక నవంబర్‌లో ఒకసారి అవే బోర్ల నుంచి నీళ్లు పట్టుకొచ్చి పరీక్షించాలి. వానలకు ముందు ఎంత, తర్వాత ఎంత అన్న పోలికలోనే ఈ పరిశోధన అంతా ఉంది.

దీనికి పీఐ మొదటి డ్రాఫ్ట్‌లో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలో, ఒకరు కావాలని రాస్తారు. 2023 జనవరి 1 నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు 37,000. దాన్ని 36 నెలలతో గుణించి 13,32,000 అని వేస్తారు. చూడటానికి సరిగ్గానే ఉంటుంది, కానీ రెండు విషయాలు మర్చిపోయారు. రెండేళ్లు పూర్తయ్యాక ఆ అభ్యర్థి ఎస్‌ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అవుతారు, అప్పుడు నెలకు 42,000. పైగా సంస్థ హాస్టల్ గది ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) ఇవ్వాలి. హైదరాబాద్ కేంద్ర ప్రభుత్వ లెక్కలో ఎక్స్ తరగతి నగరం, అక్కడ 2024 జనవరి నుంచి హెచ్‌ఆర్‌ఏ 30 శాతం. అంటే మొదటి రెండేళ్లు నెలకు 48,100, మూడో ఏడాది నెలకు 54,600. మొత్తం 18,09,600. పీఐ వేసిన లెక్కకూ దీనికీ తేడా 4,77,600 రూపాయలు. అదే ల్యాబ్ వరంగల్‌లోనో విజయవాడలోనో ఉంటే వై తరగతి కాబట్టి హెచ్‌ఆర్‌ఏ 20 శాతం వేయాలి.

శాంక్షన్ అయ్యాక ఈ తేడా బయటపడితే ఏం చేయాలి? జేఆర్ఎఫ్‌కు నిబంధన ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వక తప్పదు. కెమికల్స్ హెడ్ నుంచి మార్చుకుందామంటే నిధులిచ్చే సంస్థ అనుమతి కావాలి. దీన్నే రీఅప్రాప్రియేషన్ అంటారు. అనుమతి వస్తే కెమికల్స్ తగ్గుతాయి, కెమికల్స్ తగ్గితే బోర్ల సంఖ్య తగ్గుతుంది. 120 బోర్లు చూస్తామని రాసినవాళ్లు 80తో సరిపెట్టుకుంటారు. బడ్జెట్‌లో ఒక గుణకారం తప్పితే పరిశోధన చిన్నదైపోతుంది. అందుకే బడ్జెట్ అంటే దరఖాస్తు చివర్లో అతికించే పట్టిక అనుకునే పీఐల దగ్గర కూర్చుని నేను ఒక్కో లైనూ అడుగుతాను. ఊళ్లోకి ఎన్నిసార్లు వెళ్తారు? కారు అద్దె రోజుకు ఎంత, డ్రైవర్ బత్తా ఎంత? శాంపిల్ సీసాలు పగిలితే? ఊళ్లో సాయం చేసే మనిషికి రోజు కూలీ ఎంత, అది ఏ హెడ్‌లో వస్తుంది? కొందరికి విసుగు వస్తుంది. రెండో ప్రాజెక్టుకు వాళ్లే ముందుగా వచ్చి కూర్చుంటారు.

మనం సరిగ్గా వేసినా మధ్యలో నియమం మారవచ్చు. జేఆర్ఎఫ్ రేటు 31,000 నుంచి 37,000కు పెంచుతూ ఆర్డర్ వచ్చింది 2023 జూన్ చివర్లో. అమలు మాత్రం జనవరి నుంచి. ఆ పెంపు న్యాయమైనది, దాని కోసం విద్యార్థులు రోడ్డెక్కి పోరాడారు. కానీ పాత రేటుతో శాంక్షన్ అయి నడుస్తున్న ప్రాజెక్టుల్లో ఆరు నెలల బకాయి 36,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ, ఆపైన ప్రతి నెలా పెరిగిన మొత్తం ఎక్కడి నుంచో తేవాలి. అదనపు నిధి కోసం రాయాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగే కాలంలో ఖర్చు సంస్థ మీదే పడుతుంది.

పరికరాల సంగతీ అంతే. కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) గుర్తింపు ఉన్న పరిశోధన సంస్థలు శాస్త్ర పరికరాలు కొంటే జీఎస్టీ 5 శాతమే ఉండేది. ఆ రాయితీ 2022 జులై 18 నుంచి ఎత్తేశారు. దాంతో చాలా పరికరాల మీద 18 శాతం పడింది. 20 లక్షల పరికరానికి 21 లక్షలు వేసుకున్నవాళ్లకు బిల్లు 23,60,000 అయింది. ఆ 2,60,000 ఏ శాంక్షన్ ఆర్డర్‌లోనూ లేదు. ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లు కొటేషన్ తీసుకునేటప్పుడు పన్నుతో సహా, ఇన్‌స్టాలేషన్‌తో సహా, యూపీఎస్‌తో సహా రాయించుకోవాలి. వారంటీ అయిపోయాక ఏఎంసీ, అంటే ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు, ఎవరు కడతారన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ప్రాజెక్టు మూడేళ్లు, వారంటీ ఏడాది అయితే మిగతా రెండేళ్లకు జవాబు ఉండాలి కదా.

ఓవర్‌హెడ్ అంటే దుబారా కాదు

ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఈ మాటనే. ఒక ప్రాజెక్టు కోసం నేరుగా పెట్టే ఖర్చులు, అంటే జేఆర్ఎఫ్ జీతం, కెమికల్స్, ప్రయాణాలు, అందరికీ కనిపిస్తాయి. కానీ ఆ జేఆర్ఎఫ్ కూర్చునే గది అద్దె, ఫ్రీజర్ రాత్రింబవళ్లు తాగే కరెంటు, ఇంటర్నెట్, వాచ్‌మన్, జీతం లెక్క వేసే అకౌంటెంట్, ఏడాదికోసారి వచ్చే ఆడిటర్ ఫీజు, ఎథిక్స్ కమిటీ సమావేశం ఖర్చు ఏ ఒక్క ప్రాజెక్టువీ కావు. అలాగని అవి లేకుండా ఏ ప్రాజెక్టూ నడవదు. వీటి కోసం నిధులిచ్చేవాళ్లు విడిగా ఇచ్చే శాతమే ఓవర్‌హెడ్.

కేంద్ర విభాగాల చాలా పథకాల్లో ఇది 10 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, పెద్ద ప్రాజెక్టులకైతే పై పరిమితి పెడతారు. 50 లక్షల ప్రాజెక్టుకు 10 శాతం అంటే 5 లక్షలు. వినడానికి పెద్దగానే ఉంది. 36 నెలలకు పంచితే నెలకు 13,900 దాటదు. హైదరాబాద్‌లో ఆ డబ్బుకు ఒక అకౌంటెంట్ జీతంలో సగం కూడా రాదు, గది అద్దె మాట అటుంచండి. అందుకే ఒకే అకౌంటెంట్ ఎన్నో ప్రాజెక్టుల లెక్కలు చూస్తారు. అందుకే రిపోర్టులు ఆలస్యమవుతాయి. రిపోర్టు ఆలస్యమైతే తర్వాతి వాయిదా ఆలస్యమవుతుంది.

వేరే దేశాల్లో ఈ లెక్క ఎలా ఉందో చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్లకు ఒక్కో యూనివర్సిటీ ప్రభుత్వంతో కూర్చుని తన అసలు ఖర్చులు చూపించి రేటు ఒప్పించుకుంటుంది. 50 శాతం దాటిన రేట్లు అక్కడ మామూలే. 2025 ఫిబ్రవరిలో దాన్ని అందరికీ 15 శాతానికి కుదించాలని ఎన్‌ఐహెచ్ ప్రకటించగానే రాష్ట్రాలు, యూనివర్సిటీలు కోర్టుకు వెళ్లి అడ్డుకున్నాయి. ల్యాబులు మూతపడతాయని వాళ్ల వాదన. అదే ఎన్‌ఐహెచ్ విదేశీ సంస్థలకు ఇస్తూ వచ్చిన రేటు 8 శాతం. అక్కడ ల్యాబు నడవడానికి ఏం కావాలో ఇక్కడ ల్యాబు నడవడానికీ అవే కావాలి. మన ఖర్చులు తక్కువే, నిజం. కానీ శాతం లెక్క వేసేది మన ప్రాజెక్టు ఖర్చుల మీదే, అవీ తక్కువే.

సీఎస్ఆర్ విషయంలో ఒక అపార్థం బాగా పాతుకుపోయింది. కంపెనీల ప్రతినిధులు వచ్చి "నిబంధన ప్రకారం అడ్మిన్ ఖర్చు 5 శాతమే ఇవ్వగలం" అంటారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకు సంబంధించింది. పని చేసి పెట్టే సంస్థ ఖర్చులకు అది వర్తించదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి నా టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను. సమావేశంలో మర్యాదగా ముందు పెడితే చాలాసార్లు సంభాషణ మారుతుంది.

వాయిదాకూ వాయిదాకూ మధ్య

ప్రభుత్వ గ్రాంటు మొత్తం ఒకేసారి రాదు. ఏడాదికోసారి వాయిదాగా వస్తుంది. రెండో వాయిదా కావాలంటే మొదటిదాన్ని ఏం చేశారో చెప్పే రెండు కాగితాలు ముఖ్యం. ఒకటి ఖర్చుల స్టేట్‌మెంట్, హెడ్ వారీగా. రెండోది యూసీ, అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో జీఎఫ్ఆర్ 12-ఎ అనే నమూనాలో ఇవ్వాలి. పెట్టిన డబ్బు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడామని సంస్థ సంతకం చేసి చెప్పే పత్రం అది. దాంతోపాటు పని ఎంత జరిగిందో చెప్పే ప్రోగ్రెస్ రిపోర్టు.

చిక్కు ఎక్కడంటే, యూసీ లెక్క ఆర్థిక సంవత్సరానిది, మార్చి 31తో ముగుస్తుంది. ప్రాజెక్టు ఏడాది శాంక్షన్ అయిన తేదీ నుంచి మొదలవుతుంది. మన నల్లగొండ ప్రాజెక్టు డిసెంబర్‌లో శాంక్షన్ అయిందనుకోండి. జనవరిలో డబ్బు వస్తుంది. జేఆర్ఎఫ్ కోసం ప్రకటన వేసి, దరఖాస్తులు చూసి, ఇంటర్వ్యూలు పెట్టి, ఎంపికైన అమ్మాయి పాత చోట రిలీవ్ అయి చేరేసరికి ఏప్రిల్. మార్చి 31 నాటి లెక్కలో ఖర్చు దాదాపు సున్నా. ఢిల్లీలో ఫైలు చూసేవాళ్లకు "వీళ్లు డబ్బు వాడలేదు" అని కనిపిస్తుంది. మిగిలిన మొత్తాన్ని ముందుకు తీసుకెళ్లడానికి అనుమతి కావాలి. తర్వాతి వాయిదాలో దాన్ని సర్దుబాటు చేస్తారు. ఏడాది తిరిగి అసలు పని జోరుగా సాగుతున్నప్పుడు చేతిలో డబ్బు అయిపోతుంది, కొత్త వాయిదా ఫైలు ఎక్కడో కదులుతూ ఉంటుంది.

2022 నుంచి కేంద్ర పథకాల్లో చాలావాటికి డబ్బు మన ఖాతాలో పడడం కూడా తగ్గింది. జీరో బ్యాలెన్స్ ఖాతా ఒకటి తెరిపించి ఖర్చు పరిమితి ఇస్తారు. మనం చెల్లించినప్పుడల్లా డబ్బు పై స్థాయిలోని ప్రభుత్వ ఖాతా నుంచి వెళ్తుంది. దీంతో ఒక మేలు జరిగింది. గ్రాంటు డబ్బు మీద వచ్చిన వడ్డీ మనది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలన్న నియమం ఉంది. చాలా చిన్న సంస్థలు దాన్ని మర్చిపోయి ఆడిట్‌లో దొరికేవి. ఆ ఇబ్బంది తగ్గింది. కానీ మార్చి నెల ఒత్తిడి పెరిగింది. వాడని పరిమితి ఏడాది చివర ఆగిపోతుందంటే పీఐలకు టెన్షన్ మొదలవుతుంది. ఫిబ్రవరిలో హడావుడిగా కొటేషన్లు అడుగుతారు. హడావుడిలో కొన్నది మంచి ధరకు దొరకదు.

బాండు సంగతి కూడా చెప్పాలి. మాలాంటి సొసైటీలు షరతులు పాటిస్తామని రాష్ట్రపతి పేరున బాండు రాసిస్తాయి. షరతు తప్పితే తీసుకున్న డబ్బు ఏడాదికి 10 శాతం వడ్డీతో తిరిగి కట్టాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టే గవర్నింగ్ బాడీ సభ్యులు జీతం తీసుకోకుండా సంస్థ కోసం సమయం ఇచ్చే పెద్దలు. వాళ్లకు ఆ వాక్యం చదివి వినిపించాకే సంతకం తీసుకుంటాను.

ఇప్పుడు ఆ ఖాళీ నెలల గురించి. రెండో వాయిదా ఏప్రిల్‌లో రావాల్సింది ఆగస్టులో వచ్చిందనుకోండి. ఆ నాలుగు నెలలు జీతాలెవరు ఇవ్వాలి? పక్క ప్రాజెక్టులో డబ్బు ఉంటుంది, తాత్కాలికంగా వాడుకుని తర్వాత పెట్టేద్దాం అనిపిస్తుంది. అలా చేయకూడదు. ఒక ప్రాజెక్టుకిచ్చిన డబ్బు ఇంకోదానికి మళ్లిస్తే అది యూసీలో అబద్ధం చెప్పడమే. విదేశీ నిధులైతే మరీ ప్రమాదం. అంటే ఏ షరతులూ లేని సొంత డబ్బు ఉంటేనే జీతాలు ఇవ్వగలం. ఆ సొంత డబ్బు ఎక్కడి నుంచి రావాలి? విరాళాలు కొన్ని, ఓవర్‌హెడ్‌లో మిగిలింది కొంత. ఓవర్‌హెడ్ నెలకు 13,900 అయిన చోట మిగిలేది ఏముంటుంది? తక్కువ ఓవర్‌హెడ్, ఆలస్యమైన వాయిదా విడివిడి సమస్యల్లా కనిపిస్తాయి. నిజానికి మొదటిది ఉన్నచోట రెండోదాన్ని తట్టుకునే శక్తి సంస్థకు ఉండదు.

మా దగ్గర ఒకసారి అచ్చంగా ఇలాగే జరిగింది. నిధులిచ్చినవారి పేరు ఇక్కడ అనవసరం. వాయిదా నాలుగున్నర నెలలు ఆలస్యమైంది. పర్మనెంట్ ఉద్యోగుల జీతాలు ఎలాగో సర్దాం. జేఆర్ఎఫ్‌కు సగం ఇవ్వగలిగాం. ఊళ్లో మాకు శాంపిళ్లు తెచ్చిపెట్టే ఫీల్డ్ అసిస్టెంట్, ప్రతి బోరూ ఎవరి చేనులో ఉందో ఎరిగిన కుర్రాడు, రెండు నెలలు ఓపిక పట్టి, "మేడమ్, ఇంట్లో అప్పు అయింది" అని చెప్పి పాల కేంద్రంలో పనికి వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టలేను. ఆ ఏడాది మే నెల శాంపిళ్లు తీయలేదు. ఆగస్టులో డబ్బు పూర్తిగా వచ్చింది, ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ ఆగస్టులో డబ్బిచ్చి మే నెల నీళ్లు కొనలేం. ఆ తర్వాత అచ్చయిన పేపర్‌లో ఒక కాలమ్ ఖాళీగా ఉంది. కారణం రాయాల్సిన చోట "శాంపిళ్లు అందుబాటులో లేవు" అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క వెనక ఏముందో చదివేవాళ్లకు తెలిసే దారి లేదు.

విదేశీ నిధుల తీరు

విదేశీ నిధులు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. 2020 సెప్టెంబర్‌లో దాన్ని సవరించారు. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అడ్మినిస్ట్రేటివ్ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. అన్నిటికన్నా పెద్ద మార్పు, అందిన నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధం, ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ ఉన్నా సరే.

ఈ చివరి నియమం పరిశోధనను ఎలా తాకిందో బయటివాళ్లకు అంతగా తెలియదు. అంతకుముందు ఒక సంస్థ గ్రాంటు తీసుకుని, అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఏళ్లుగా ప్రజల్లో పనిచేస్తున్న చిన్న సంస్థకు కొంత భాగం ఇచ్చి ఫీల్డ్ పని చేయించేది. చిన్న సంస్థలకు విదేశీ దాతలను నేరుగా చేరే భాష, మనుషులు ఉండరు. పెద్ద సంస్థలకు ఊళ్లలో నమ్మకం ఉండదు. ఒకరి అవసరం ఇంకొకరి వల్ల తీరేది. ఇప్పుడు పెద్ద సంస్థే ఫీల్డ్ సిబ్బందిని నేరుగా నియమించుకోవాలి, లేదా దాత ఇద్దరికీ విడివిడిగా ఇవ్వాలి. దరఖాస్తు రాసే దశలోనే దాతకు ఈ సంగతి చెప్పి బడ్జెట్ రెండుగా విడగొట్టించాలి. శాంక్షన్ అయ్యాక చెబితే ఒప్పందం మొత్తం తిరగరాయాలి.

20 శాతం పరిమితి చూసి భయపడే పరిశోధన సంస్థలకు ఒక మాట. ఏది అడ్మినిస్ట్రేటివ్ ఖర్చో 2011 నాటి ఎఫ్‌సీఆర్ఏ నియమాల్లో ఐదో నియమం వివరిస్తుంది. ప్రధానంగా పరిశోధన లేదా శిక్షణ చేసే సంస్థల్లో ఫీల్డ్ డేటా సేకరించే, విశ్లేషించే సిబ్బంది జీతాలు అందులోకి రావని అక్కడే ఉంది. జీతాలన్నీ అడ్మిన్ కింద వేసేసి, పరిమితి దాటుతున్నామని ఉద్యోగాలు తగ్గించుకోబోయిన సంస్థను నేను చూశాను. ఎవరి జీతం ఏ పనికి అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే స్పష్టంగా రాస్తే ఆ పరిస్థితి రాదు.

డాలర్ లెక్క ఇంకో తలనొప్పి. 2022 మొదట్లో డాలర్ 75 రూపాయలకు దగ్గరగా ఉండేది, ఆ ఏడాది చివరికి 82 దాటింది. రూపాయి పడితే మన ఖాతాలో ఎక్కువ పడుతుంది. కానీ ఆ ఎక్కువ ఖర్చు పెట్టడానికి చాలామంది దాతల అనుమతి కావాలి. ఈలోగా దిగుమతి చేసుకునే కిట్ల ధర పెరుగుతుంది. ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. దానికి పట్టే నెలలను ప్రాజెక్టు కాలపట్టికలో వేసుకోకపోతే మొదటి ఏడాది డబ్బు వాడలేదన్న మాట మళ్లీ పడుతుంది.

పన్నుల విషయం ఎక్కువ సాగదీయను. ట్రస్టులు, సొసైటీలు ఏడాదిలో వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సంస్థ ఆశయాలకు వాడాలన్నది మూల సూత్రం. మార్చి 28న పెద్ద గ్రాంటు ఖాతాలో పడితే దాన్ని ఆదాయంగా చూపాలా, ఖర్చు పెట్టాల్సిన బాధ్యతగా చూపాలా అన్నది ఒప్పందం భాషను బట్టి ఉంటుంది. ఆడిటర్‌ను సంతకానికి ముందు అడగాలి, తర్వాత కాదు. ఇంకో మంచి కబురు. పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ కట్టాలంటూ ఐఐటీలతో సహా కొన్ని సంస్థలకు నోటీసులు వెళ్లిన తర్వాత, 2024 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ అర్హత ఉన్న పరిశోధన సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 35వ సెక్షన్ కింద నోటిఫై అయిన సంస్థలకు అది వర్తిస్తుందని అప్పుడు చెప్పారు. ఆ నోటిఫికేషన్ కోసం దరఖాస్తు చేయని సంస్థలు చేసుకోవడం మేలు.

మేం మార్చుకున్నవి

ఆ ఖాళీ కాలమ్ తర్వాత మా పని తీరు మారింది. ఏ కొత్త దరఖాస్తుకైనా రెండు బడ్జెట్లు వేస్తాం. ఒకటి నిధులిచ్చేవారి ఫారంలో, వాళ్ల హెడ్‌ల ప్రకారం. ఇంకోటి మా కోసం, నెలల వారీగా. అందులో ఏ నెలలో ఎవరు చేరతారు, ఏ నెలలో శాంపిళ్లు తీయాలి, ఏ నెలకు చేతిలో ఎంత ఉంటుంది అని ఉంటుంది. పక్కన ఇంకో వరుస: వాయిదా ఆరు నెలలు ఆలస్యమైతే ఎంత లోటు. ఆ లోటు మా సొంత నిధికి మించి ఉంటే దరఖాస్తు పెట్టాలా వద్దా అని డైరెక్టర్ గారు, పీఐ, నేను కూర్చుని మాట్లాడుకుంటాం. రెండు దరఖాస్తులు అలా మానుకున్నాం. ఇద్దరు పీఐలూ బాధపడ్డారు, నాకూ బాధగానే ఉంది. అయినా జీతం ఇవ్వలేమని తెలిసి ఒక మనిషిని పనిలోకి పిలవలేం.

మార్చి 31 లెక్కల కోసం జూన్ దాకా ఆగడం మానేశాం. ప్రతి నెలా 5వ తేదీకల్లా ప్రతి పీఐకి ఒక పేజీ వెళ్తుంది: హెడ్ వారీగా మంజూరైంది, ఖర్చయింది, ఆర్డర్ ఇచ్చి ఇంకా బిల్లు రానిది, మిగిలింది. ఆ మూడో అంకె చాలా ముఖ్యం. ఆర్డర్ ఇచ్చేసిన కెమికల్స్ బిల్లు రాలేదు కదా అని ఆ డబ్బు చేతిలో ఉన్నట్టు అనుకుని ఇంకోటి కొనడం ల్యాబుల్లో తరచూ జరిగే పొరపాటు. ఏప్రిల్ 10 నాటికి ప్రొవిజనల్ యూసీ సిద్ధంగా ఉంటుంది. ఆడిటర్ సంతకంతో అసలుది తర్వాత పంపుతాం. ఫైలు ఢిల్లీలో ఆగితే ఆగనివ్వండి, మా వైపు నుంచి ఒక్క రోజు కూడా ఆగకూడదని నియమం పెట్టుకున్నాం.

సీఎస్ఆర్ నిధులిచ్చే ఒక కంపెనీతో మాట్లాడినప్పుడు మొదటిసారి ధైర్యం చేసి అడిగాను: "ఓవర్‌హెడ్ 15 శాతం కావాలి, అందులో కొంత జీతాల నిధికి వెళ్తుంది" అని, మే నెల శాంపిళ్ల సంగతంతా చెప్పి. వాళ్లు పది రోజులు ఆలోచించి 12 ఇచ్చారు. ఆ డబ్బుతో, ఒకరిద్దరు పాత ఉద్యోగులు ఇచ్చిన విరాళాలతో బోర్డు తీర్మానం చేసి విడిగా ఒక నిధి పెట్టాం. అందులోంచి తీయాలంటే కారణం వాయిదా ఆలస్యమే అయి ఉండాలి, వాయిదా రాగానే తిరిగి పెట్టాలి. ప్రస్తుతం దానిలో ఉన్న డబ్బు ప్రాజెక్టు సిబ్బంది ఏడుగురికి మూడు నెలలు వస్తుంది. వచ్చే మేకు నాలుగు నెలలకు చేర్చాలని చూస్తున్నాం.